ఇన్‌ఛార్జి అని పేరు పెడితే నర్సు వర్కర్ కాకుండా పోతుందా?

ప్రశ్న: ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆరేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. డబుల్ డ్యూటీలు భరించలేక 32 మందిమి కలిసి యూనియన్ పెట్టుకున్నాం. నన్ను కార్యదర్శిని చేశారు. అప్పటినుంచి యాజమాన్యం అందరి ముందూ నన్ను ఎన్నెన్ని మాటలందో చెప్పలేను. చివరికి ఒక నెల జీతం ఖాతాలో వేసి, ‘మీ సేవలు ఇక అవసరం లేదు’ అని లెటర్ ఇచ్చారు. ఎనిమిది నెలలైంది. అడిగితే, ‘మీరు వార్డు ఇన్‌ఛార్జి, జీతం 26,000, కార్మిక చట్టం మీకు వర్తించదు’ అంటున్నారు. తోటి నర్సులంతా నాకోసం ఒకే రోజు సీఎల్ పెడతామంటున్నారు. కేసుకు మూడేళ్ల టైముందని ఒకరు చెప్పారు. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: అమ్మా, మీరు పంపిన నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు అవమానాల గురించే ఉన్నాయి. వాటితో కేసు నిలబడదు. కేసును తేల్చే సంగతిని మాత్రం మీరు బ్రాకెట్లో పెట్టి వదిలేశారు: కార్యదర్శిగా ఎన్నికైన 12 రోజులకు మీకు ఇన్‌ఛార్జి లెటర్ ఇచ్చారు.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం నైపుణ్యంతోనో, సాంకేతిక పరిజ్ఞానంతోనో పని చేసేవారు జీతం ఎంతైనా వర్కర్లే. సూపర్‌వైజర్‌గా పని చేస్తూ నెలకు 18,000 దాటి తీసుకునేవారు, మేనేజర్ స్థాయి పని చేసేవారు ఆ నిర్వచనంలోకి రారు. యాజమాన్యం పట్టుకున్నది ఈ మినహాయింపునే. కానీ కోర్టు చూసేది హోదా పేరును కాదు, ప్రధానంగా చేసిన పనిని. సెలవు మంజూరు చేసే అధికారం మీకుందా? డ్యూటీ చార్టు ఎవరు వేసేవారు? ఎవరికైనా మెమో ఇచ్చారా? ఇవన్నీ నర్సింగ్ సూపరింటెండెంట్ చేతిలోనే ఉండి, మీరు మునుపటిలాగే ఇంజెక్షన్లు ఇస్తూ, సెలైన్లు పెడుతూ, చార్టుల్లో సంతకాలు చేస్తూ ఉంటే మీరు వర్కరే.

ఇంకో మాట. యూనియన్‌ను బలహీనపరచడానికి అర్హతతో సంబంధం లేకుండా ప్రమోషన్ ఇవ్వడం, యూనియన్‌లో చురుగ్గా ఉన్నవారిని ఆ కారణంగా తీసేయడం, రెండూ కోడ్‌లోని అనుచిత కార్మిక చర్యల జాబితాలో ఉన్నాయి. మీకు అడ్డం పెట్టిన లెటరే వాళ్ల మెడకు చుట్టుకోవచ్చు. అయితే మీ ఎన్నిక సంగతి వాళ్లకు ముందే తెలుసని మీరు రుజువు చేయాలి. ఎన్నిక వివరాలతో యాజమాన్యానికి ఉత్తరం ఇచ్చారా? ఇస్తే, అందినట్టు సంతకం తీసుకున్నారా? మీరు రాసినదాన్ని బట్టి మీ దగ్గరున్నది వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఫొటో ఒక్కటే. ఇన్‌ఛార్జి లెటర్ చదవకుండానే సంతకం చేశారట, కాపీ కూడా ఉంచుకోలేదట! మందు డోసు చూడకుండా ఇంజెక్షన్ ఇస్తారా?

సరే, ఇప్పుడైనా జాగ్రత్తపడండి. ఆ గ్రూపు డిలీట్ చేయొద్దు, ఫోన్ మార్చొద్దు. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఆ ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేస్తేనే ఆ మెసేజ్‌లు సాక్ష్యంగా చెల్లుతాయి. పాత డ్యూటీ చార్టుల ఫొటోలు, జీతం స్లిప్పులు ఒకచోట పెట్టండి. రోగుల కేస్ షీట్లు మాత్రం ఎవరిచేతా ఫొటో తీయించొద్దు, అది వేరే తలనొప్పి. ఏయే తేదీల్లో ఏ షిఫ్టు చేశారో రాసిపెట్టుకుంటే, ఆ రికార్డులు తెప్పించమని కార్మిక వివాదాలు విచారించే ట్రిబ్యునల్‌నే అడగవచ్చు. స్లిప్పు మీద ట్రస్టు పేరుందో, కంపెనీ పేరుందో కూడా చూడండి. దాతృత్వ సేవే ప్రధానంగా ఉన్న సంస్థలను కోడ్ ‘పరిశ్రమ’ నుంచి తప్పించింది కాబట్టి వాళ్లు రేపు ఆ వాదనా తేవచ్చు.

మూడేళ్ల గడువు పాత చట్టంలోది. ఇప్పుడు వివాదం మొదలైన రెండేళ్లు దాటితే కార్మిక శాఖలో రాజీ కుదిర్చే కన్సిలియేషన్ అధికారి దాన్ని చేపట్టకూడదు. మీకు ఎనిమిది నెలలు పోయాయి. అక్కడ రాజీ కుదరకపోతే, ఆ అధికారి నివేదిక అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయాలి.

ఇక ఆ మూకుమ్మడి సీఎల్ సంగతి. వద్దంటే వద్దు. సగం మంది లేదా అంతకంటే ఎక్కువమంది కూడబలుక్కుని ఒకే రోజు సీఎల్ పెడితే కోడ్ దాన్ని సమ్మెగానే లెక్కేస్తుంది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు కావాలి. పైగా మీ ఫిర్యాదు కన్సిలియేషన్‌లో ఉన్నంతకాలం, అది ముగిశాక మరో ఏడు రోజులు, నోటీసు ఇచ్చినా సమ్మె చెల్లదు. చెల్లని సమ్మెకు దిగితే 1,000 నుంచి 10,000 దాకా జరిమానా, నెల వరకు జైలు, లేదా రెండూ. ఉద్యోగం పోయింది మీ ఒక్కరికి. వాళ్లందరినీ కూడా రోడ్డున పడేస్తారా?

వాళ్లు చేయాల్సిన పని ఇంకొకటుంది. చందాలు వసూలు చేసుకున్న గ్రూపును చట్టం రిజిస్టరైన యూనియన్‌గా గుర్తించదు. రిజిస్ట్రేషన్‌కు ఆస్పత్రిలోని వర్కర్లలో పది శాతం, లేదా వంద మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులు కావాలి, ఏడుగురికి మాత్రం తగ్గకూడదు. పది శాతం అంటే నర్సుల్లోనే కాదు, వార్డు బాయ్‌లు, ల్యాబ్ వాళ్లతో సహా. మీరు చెప్పిన 240 మందిలో 24 మంది చాలు. 32 మంది ఉండి కూడా ఏడాదిగా దరఖాస్తు పెట్టలేదు.

యాజమాన్యం వేసిన నెల జీతం తీసుకున్నంత మాత్రాన మీ హక్కు పోదు. రిట్రెంచ్‌మెంట్ (శిక్షగా కాకుండా, అవసరం లేదని ఉద్యోగం నుంచి తీసేయడం) అయితే పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి, అది వాళ్లు ఇవ్వలేదు. ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ ఆశ చూపి ‘ఇక నాకు ఏ బకాయీ లేదు’ అనే ఫుల్ అండ్ ఫైనల్ కాగితం ముందు పెడితే సంతకం చేయొద్దు. ఈ వారంలోనే కన్సిలియేషన్ అధికారి దగ్గరికి ఫిర్యాదు రెండు కాపీలు పట్టుకెళ్లి, ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకుని రండి.