జర్మనీ వెళ్తున్న అమ్ములుకి

అమ్ములూ,

నీకు జర్మనీలో సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం వేసింది. చదువు సంగతి నీకు ఒకరు చెప్పక్కర్లేదు. నేనూ అక్కడ చదువుకున్నదాన్నే కాబట్టి, ఆ దేశాన్ని తెలుసుకోవడం గురించి మాత్రం నాలుగు మాటలు రాస్తున్నాను.

సెలవులు దొరికితే బెర్లిన్, మ్యూనిక్ చుట్టి రమ్మని అందరూ చెబుతారు. వెళ్లు, తప్పులేదు. కానీ రెండు రోజులు తిరిగి ఫొటోలు తీసుకోవడం టూరిస్టులూ చేస్తారు. నువ్వు అక్కడ రెండేళ్లు కాపురం ఉండబోతున్నావు. రోజువారీ బతుకులో నీకు వింతగా తోచింది ఏదైనా సరే, అది ఎక్కణ్నుంచి వచ్చిందో ఆరా తీస్తూ పో. చరిత్ర అలా అయితేనే ఒంటబడుతుంది.

మొదటి ఆదివారమే నీకొకటి ఎదురవుతుంది. ఆ రోజు సూపర్ మార్కెట్లతో సహా దాదాపు షాపులన్నీ మూసే ఉంటాయి. గోడకు డ్రిల్లింగ్ మొదలుపెట్టావో, పక్కింటివాళ్లు వచ్చి తలుపు తడతారు. విసుక్కోకుండా కారణం వెతుకు. అక్కడ ఆదివారం విశ్రాంతికి రాజ్యాంగమే అండ. 1919లో వైమార్ అనే చిన్న ఊళ్లో సమావేశమైన జాతీయ సభ ఆమోదించిన రాజ్యాంగంలో అది 139వ అధికరణం. ఆ తర్వాత హిట్లర్ వచ్చాడు, యుద్ధం జరిగింది, దేశం రెండు ముక్కలైంది. అయినా 1949లో రాసుకున్న కొత్త రాజ్యాంగం ఆ పాత అధికరణాన్ని ఉన్నదున్నట్టు తనలో కలుపుకుంది.

అందుకే నీ మొదటి పెద్ద ప్రయాణం వైమార్‌కి పెట్టుకో. ఒక రాత్రి అక్కడే ఉండేలా చూసుకో. మొదటి రోజు జర్మన్ మహాకవులు గేటే, షిల్లర్‌ల ఇళ్లు చూడు. బౌహౌస్ అనే పేరున్న కళ, డిజైన్ విద్యాలయం 1919లో మొదలైందీ ఆ ఊళ్లోనే. రెండో రోజు పొద్దున్నే బస్సెక్కి ఎటర్స్‌బర్గ్ కొండ మీదికి వెళ్లు. ఊరికి కొద్ది కిలోమీటర్ల దూరంలో నాజీలు నడిపిన బుహెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం ఉంది. 1937 నుంచి 1945 వరకు సుమారు 2,80,000 మందిని అక్కడా, దాని ఉపశిబిరాల్లోనూ బంధించారు. దాదాపు 56,000 మంది చనిపోయారు.

గేటు మీది ఇనప అక్షరాలను చూడు. ‘ఎవరికి తగ్గది వారికి’ అని ఉంటుంది. హాజరు కోసం మైదానంలో నిలబెట్టిన ఖైదీలకు కనబడాలని వాటిని లోపలివైపుకి తిప్పి పెట్టారు. అదే మైదానంలో ఖైదీల స్మారకంగా నేలకు బిగించిన ఒక లోహపు పలక ఉంది. ఏడాది పొడవునా దాన్ని 37 డిగ్రీల వేడిలో, అంటే మనిషి ఒంటి వేడిలో ఉంచుతారు. వంగి చెయ్యి ఆనించు. నాకు పుస్తకాల్లోని అంకెలన్నీ అక్కడే మనుషులయ్యాయి.

1945 తర్వాత సోవియట్ సైన్యం అదే చోట మరో శిబిరం నడిపింది. 1950లో మూసేసేలోపు ఏడు వేల మందికి పైగా చనిపోయారు. తూర్పు జర్మనీ ఉన్నన్నాళ్లూ దాని గురించి బయట మాట్లాడనివ్వలేదు. మ్యూజియంలో ఆ భాగాన్ని కూడా వదలకుండా చూడు.

తిరిగొచ్చాక నీ వీధిలో నేల చూసుకుంటూ నడువు. కొన్ని ఇళ్ల ముందు పేవ్‌మెంటులో, నాజీల చేతిలో బలైనవాళ్ల గుర్తుగా, అరచేయంత ఇత్తడి పలకలుంటాయి. గుంటర్ డెమ్‌నిగ్ అనే కళాకారుడు 1992లో మొదలుపెట్టిన పని అది. ఇప్పుడు లక్షకు పైగా ఉన్నాయి. ఆ ఇంట్లో ఎవరుండేవారు, ఏ సంవత్సరంలో పుట్టారు, ఎప్పుడు పట్టుకెళ్లారు, చివరికి ఏమయ్యారు, అంతా నాలుగైదు లైన్లలో ఉంటుంది. ఒక్క పేరు రాసుకుని నగర ఆర్కైవ్స్‌లో అడుగు. 1938లో యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టిన నవంబర్ 9న చాలా ఊళ్లలో జనం ఈ పలకలను తోమి శుభ్రం చేస్తారు. వాళ్లతో కలిసి నువ్వూ చెయ్యి. బెర్లిన్ గోడ తెరుచుకున్నది కూడా, 1989లో, అదే తేదీన. ఆ సంతోషం ఉన్నా వాళ్లు జాతీయ దినోత్సవాన్ని అక్టోబర్ 3న ఎందుకు జరుపుకుంటారో నీకే అర్థమవుతుంది.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. ‘మీ తాతగారు యుద్ధంలో ఏం చేశారు?’ అని నువ్వుగా అడగకు. వాళ్లంతట వాళ్లు చెబితే మధ్యలో అడ్డం రాకుండా విను. తూర్పువైపు పెరిగినవాళ్లని స్కూలు గురించి, మొదటి ఉద్యోగం గురించి అడుగు. గోడ సంగతి, ఇంటి మీద నిఘా సంగతి వాళ్లే ఎత్తుతారు. ఆ కాలాన్ని మంచిదనో చెడ్డదనో నువ్వు తేల్చబోకు. అదే మనిషి రెండూ చెబుతారు, రెండూ నిజమే అయ్యుంటాయి.

దీనికంతటికీ భాష కావాలి. నీ కోర్సు ఇంగ్లీషులోనే అయినా జర్మన్ వదిలిపెట్టకు. దాదాపు ప్రతి ఊళ్లోనూ ఫోక్స్‌హోఖ్‌షూలె అని పెద్దవాళ్ల కోసం సాయంత్రం క్లాసులు నడిపే సంస్థ ఉంటుంది. భాషతో పాటు స్థానిక చరిత్ర మీద క్లాసులు, ఊళ్లో నడక యాత్రలు కూడా పెడుతుంటారు. అక్కడ నీ పక్కన కూర్చునేవాళ్లు యూనివర్సిటీలో దొరకరు: రిటైరైన టీచర్లు, నర్సులు, బస్సు డ్రైవర్లు. మంచి క్లాసులు త్వరగా నిండిపోతాయి. దిగిన వారంలోనే వెళ్లి పేరు రాయించుకో.

ప్రేమతో,
పెద్దమ్మ