కెండో నేర్చుకోబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

టోక్యోలో ఉద్యోగంలో కుదురుకోగానే ఇంటికి దగ్గరలో ఉన్న దోజోలో, అంటే సాధనశాలలో, జపాను కత్తియుద్ధ విద్య అయిన కెండోకు పేరు ఇచ్చావని తెలిసి సంతోషించాను. ఆ దేశంలో ఉన్నన్నాళ్లూ నేనూ ఆ విద్యనే అభ్యసించాను కాబట్టి, మొదటి ఏడాదిలో నీకు పనికివచ్చే మాటలు కొన్ని రాస్తున్నాను.

కవచం ఎప్పుడు ఇస్తారని గురువుగారిని అడగవద్దు. చాలా దోజోలలో మొదటి కొన్ని నెలలు దాని ఊసే ఉండదు. అడుగు జరపడం, వెదురు కర్రను, అంటే షినాయిని, ఎత్తి దించడం, గొంతెత్తి కేక వేయడం, ఇంతే ఉంటుంది. సరళీస్వరాలు సాధన చేయకుండా కీర్తన అందుకోవాలనే తొందర ఇక్కడా పనికిరాదు. కుడిపాదం ముందుంచి, ఎడమ మడమను కాస్త పైకెత్తి, చెక్క నేల మీద పాదాలను రాసుకుంటూ కదలాలి. దానివల్ల ఎడమ అరికాలి చర్మం ఊడటం మామూలే, టేపు చుట్టుకుని సాధన కొనసాగించు. కుడిచేతి వాటం ఉన్నవాళ్లందరూ కుడిచేత్తోనే కొట్టబోతారు. నిజానికి పట్టు ఎడమచేతి చిటికెన వేలిలోను, ఉంగరపు వేలిలోను ఉండాలి, కుడిచేయి దారి చూపడానికే.

ఇక అసలు విషయానికి వస్తాను. 1912లో స్థిరపరచిన కెండో కతాలు, అంటే ఇద్దరు కలిసి చేసే నిర్ణీత కత్తి విన్యాసాలు, పది ఉన్నాయి. మొదటి ఏడింటిలో ఇద్దరూ పొడవాటి కత్తి పడతారు, చివరి మూడింటిలో శిష్యస్థానంలో ఉన్నవాడు పొట్టి కత్తి పడతాడు. గురుస్థానంలో నిలిచే ఉచిదాచి ముందుగా దాడి చేస్తాడు, పదింటిలోనూ ఓడిపోయేది ఆయనే. పెద్దవాడు తాను ఓడి చిన్నవాడికి గెలిచే దారి నేర్పడమన్న ఈ ఏర్పాటులోనే కెండో తత్వమంతా ఉందని నా నమ్మకం. రోజువారీ సాధనలో మోతోదాచిగా, అంటే నీ దెబ్బలు స్వీకరించేవాడిగా, నిలిచే సీనియర్ చేసేదీ ఇదే. సరిగ్గా నువ్వు అందుకోగల క్షణంలో తన కర్ర మొనను పక్కకు తప్పించి, తలను నీకు అప్పగిస్తాడు. ఆయనకు నొప్పి కలుగుతుందేమోనన్న మొహమాటంతో సగం మనసుతో కొట్టావంటే, ఆయన ఇచ్చిన అవకాశాన్ని వృథా చేసినవాడివి అవుతావు. కేక, కర్ర, అడుగు మూడూ ఒకే క్షణంలో కలిసేలా కొట్టి, ఆగకుండా ఆయనను దాటి ముందుకు వెళ్లు.

నీ మీదికి దెబ్బ వచ్చినప్పుడు తల పక్కకు వంచవద్దు. వంచితే దెబ్బ ముఖకవచం మీద పడవలసింది మెడ మీదనో భుజం మీదనో పడి ఎక్కువ బాధిస్తుంది, పైగా నీ నిలకడ కూడా చెడుతుంది. నిటారుగా నిలబడి దెబ్బ తినడం నేర్చుకున్నవాడికే ఎదుటివాడి కదలిక కనిపిస్తుంది.

కొట్టిన తరువాత వెంటనే తిరిగి ఎదుటివాడి వైపు కర్ర నిలిపి అప్రమత్తంగా ఉండాలి, దీనినే జాన్షిన్ అంటారు. పోటీలో మంచి దెబ్బ కొట్టి సంబరంగా చేయి పైకెత్తినవాడి పాయింటును న్యాయనిర్ణేతలు రద్దు చేయవచ్చు. క్రికెట్ చూస్తూ పెరిగిన మనవాళ్లకు ఈ నియమం మొదట మింగుడుపడదు.

దాన్‌ల గురించి, అంటే పరీక్షల ద్వారా వచ్చే స్థాయిల గురించి, ఇప్పుడే లెక్కలు వేయవద్దు. ఒకటో దాన్ నుంచి రెండో దాన్ పరీక్షకు ఏడాది, అక్కడి నుంచి మూడో దాన్‌కు రెండేళ్లు ఆగాలి. ఇలా వ్యవధి పెరుగుతూ పోయి, ఏడో దాన్ తరువాత 10 ఏళ్లు సాధన చేసి, 46 ఏళ్లు నిండితేనే ఎనిమిదో దాన్ పరీక్షకు అర్హత వస్తుంది. అందులో నెగ్గేది నూటికి ఒకరు.

కవచం కొనడానికి తొందరపడకు, దోజోలో పాతది అరువు ఇస్తారేమో చూడు. షినాయిలు మాత్రం మొదటి రోజే రెండు కొనుక్కో. పెద్దవాళ్లయిన మగవారు వాడే 39 సైజు షినాయి పొడవు 120 సెంటీమీటర్లు మించకూడదు, బరువు 510 గ్రాములకు తగ్గకూడదు. నాలుగు వెదురు బద్దలు కలిపి కట్టిన కర్ర అది. ప్రతి సాధనకు ముందు బద్దల అంచుల వెంట పలుచని గుడ్డతో తుడిచి చూడు. పోగు తగులుకున్న చోట పేడు లేచినట్టే, ఉప్పు కాగితంతో రుద్ది కాస్త నూనె రాయి. బద్ద చీలితే మాత్రం ఆ కర్రను పక్కనపెట్టి రెండోది తీసుకో, ఎందుకంటే విరిగిన పేడు ముఖకవచం కమ్మీల సందులోంచి దూసుకుపోయి ఎదుటివాడి కన్ను పోగొట్టగలదు. చీలిన బద్దను మార్చి మళ్లీ కట్టడం ఎలాగో మీ సీనియర్లలో ఎవరినైనా అడిగితే దగ్గరుండి చూపిస్తారు.

ఇట్లు,
మీ మామయ్య