అక్షాంశం ఒకటే అయినా హొసకోట కాలీఫ్లవర్ పొన్నేరిలో ఎందుకు పువ్వు కట్టలేదు?

ప్రశ్న: మాది చెన్నైకి ఉత్తరాన పొన్నేరి దగ్గర పల్లె. మా బావమరిది బెంగళూరు పక్కన హొసకోట దగ్గర ఏడాది పొడవునా కాలీఫ్లవర్ తీస్తాడు. రెండు ఊళ్లూ ఒకే అక్షాంశం మీద ఉన్నాయని మా అబ్బాయి మ్యాపులో చూపించాడు. దాంతో అదే విత్తనం తెచ్చి, జూన్‌లో అతను నాటిన వారంలోనే మేమూ అరెకరం నాటాం. మొక్కలు ఏపుగా పెరిగాయి గానీ పువ్వు కట్టలేదు. విత్తనం కల్తీదా? క్యారెట్, ఉల్లి కూడా అతను చెప్పిన నెలల్లోనే వేయొచ్చా?

జవాబు: అదే విత్తనం హొసకోటలో పువ్వు కట్టింది కాబట్టి విత్తనాన్ని అనుమానించకండి. మీ అబ్బాయి చెప్పిందీ నిజమే. రెండు ఊళ్లూ 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరే ఉన్నాయి. ఏప్రిల్ చివరి వారంలో, ఆగస్టు మూడో వారంలో మీ ఇద్దరికీ సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. పగటి నిడివీ ఒకటే: డిసెంబరులో సుమారు 11 గంటల 20 నిమిషాలు, జూన్‌లో 12 గంటల 55 నిమిషాలు. అక్షాంశం మీకు ఉమ్మడిగా ఇచ్చింది ఇంతే. పంటకు తగిలే వేడిని మాత్రం ఊరి ఎత్తు, సముద్రం, గాలివాటం కలిసి మార్చేస్తాయి.

హొసకోట సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. మీ పొలం దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. పైకి వెళితే సూర్యుడికి దగ్గరై వేడెక్కాలి కదా అని చాలామంది అడుగుతారు. ఎండ గాలిని నేరుగా పెద్దగా వేడెక్కించదు. నేల వేడెక్కి, ఆ వేడి గాలికి చేరుతుంది. ఎత్తున గాలి పలచగా ఉంటుంది, తేమ తక్కువ, అందుకే ఆ వేడిని నిలుపుకోలేదు. ఊటీ చెన్నై కంటే భూమధ్యరేఖకు దగ్గర. అయినా 2,240 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ క్యారెట్, బంగాళాదుంప బాగా పండుతాయి.

జూన్ లెక్క చూడండి. బెంగళూరులో పగలు 29, రాత్రి 20 డిగ్రీలు, అంటే సగటు 25 లోపే. చెన్నైలో పగలు 37, రాత్రి 27 పైన, సగటు 32. ఈ ఏడు డిగ్రీల తేడాలో ఆరు ఎత్తు వల్లే వచ్చాయి. మిగతాది రుతుపవనాల పని. పడమటి కనుమల్లో వాన కురిపించిన మబ్బులు బెంగళూరుకు నీడైనా ఇస్తాయి. మీ దాకా వచ్చేసరికి అదే పడమటి గాలి పీఠభూమి దిగి, పొడిగా, సెగలా తగులుతుంది. సముద్రపు గాలిని కూడా మధ్యాహ్నం దాకా లోపలికి రానివ్వదు. రాత్రిపూట తీరంలోని తేమ వేడిని దుప్పటిలా పట్టి ఉంచుతుంది. సముద్రం పక్కనున్న ప్రతి ఊరూ ఇలాగే ఉంటుందని కాదు. దక్షిణాన 12 డిగ్రీల దగ్గరున్న పెరూ రాజధాని లిమాను పక్క సముద్రంలో పారే చల్లటి నీటి ప్రవాహం చల్లగా ఉంచుతుంది, కానీ వాన దాదాపు పడనివ్వదు. మన బంగాళాఖాతం వెచ్చనిది.

కాలీఫ్లవర్‌లో వేడిని బాగా తట్టుకునే ముందస్తు రకాలు కూడా సగటు 20–27 డిగ్రీల మధ్యే పువ్వు కడతాయి. 32లో మొక్క ఆకులు వేస్తూనే పోతుంది. పువ్వు రావడం లేదని యూరియా ఇంకా వేసి ఉంటే, ఆ ఖర్చంతా ఆకులకే పోయినట్టు. ఇప్పుడున్న మొక్కలను పశువుల మేతకు వాడుకోండి. వాటికి పురుగుమందు కొట్టి ఉంటే మాత్రం మేపకుండా దున్నేయండి.

మీ దగ్గర జనవరి సగటు 25 డిగ్రీల చుట్టూ ఉంటుంది. పువ్వు కట్టే రోజులు అక్కడ పడాలి. 60–65 రోజుల ముందస్తు రకం తీసుకుని అక్టోబరు చివరి వారంలో నారు పోయండి, నవంబరు చివరి వారంలో నాటండి. మీ వానలో సగానికి పైగా అక్టోబరు–డిసెంబరులోనే, బంగాళాఖాతం మీదుగా వచ్చే ఈశాన్య గాలులతో పడుతుంది. కాబట్టి నేల మీద నారుమడి వద్దు, నారుకుళ్ళు వస్తుంది. పైన ప్లాస్టిక్ షీటు కప్పిన పందిరి కింద ప్రోట్రేల్లో (గుంతలున్న ప్లాస్టిక్ ట్రేలు) కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నింపి పెంచండి. 60 × 45 సెంటీమీటర్ల దూరంలో ఎకరాకు 15 వేల మొక్కలు పడతాయి. మొలవనివి, చచ్చేవి కలుపుకుని 98 గుంతల ట్రేలు 170 అవసరం. 25–30 రోజుల నారే నాటాలి. ముదురు నారు నాటితే బొత్తాం అంత పువ్వు కట్టి ఆగిపోతుంది. అడుగు ఎత్తు మడుల మీద నాటి, నీరు బయటికి పోయే కాలువ నాటక ముందే తీయండి. తుపాను నీరు ఒక్క రోజు నిలిచినా వేరు కుళ్ళుతుంది.

వీటన్నిటికంటే ముందు బోరు నీటి ఈసీ (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత) పరీక్ష చేయించండి. మీ ప్రాంతంలో, ముఖ్యంగా మీంజూరు వైపు, భూగర్భజలం ఎక్కువగా తోడటం వల్ల సముద్రపు నీరు లోపలికి చొరబడింది. నీటి ఈసీ మీటరుకు 1.2 డెసీసీమెన్లు (dS/m) దాటితే క్యాబేజీ దిగుబడి తగ్గడం మొదలవుతుంది, కాలీఫ్లవర్‌నూ దాదాపు అలాగే లెక్కేయండి. క్యారెట్ ఇంకా సున్నితం, 0.7 దాటినా దెబ్బే. పైగా 15–20 డిగ్రీలు లేకుంటే దుంపకు మంచి రంగు రాదు, మీ బరువు నేలలో పాయలు చీలుతుంది. క్యారెట్ ఆలోచన మానుకోవడమే నా సలహా.

ఉల్లి సంగతి వేరు. గడ్డ ఊరడాన్ని ముఖ్యంగా పగటి నిడివి నిర్ణయిస్తుంది, అది మీ ఇద్దరికీ సమానమే. 14 గంటల పగలు కావాల్సిన చలిదేశాల రకాలు మీ ఇద్దరి దగ్గరా గడ్డ ఊరవు. మీ బావమరిది వాడే తక్కువ పగటి రకం మీకూ పనికొస్తుంది. రకం ఆయన్ని అడగండి, నెల మాత్రం అడగొద్దు. ఈశాన్య వానలు తగ్గాక, డిసెంబరు రెండో పక్షంలో నాటుకోండి.