అనుమతి ఎవరు ఇవ్వాలి, ఎవరు అడగాలి?

సందేహం: మా కళాశాల కంప్యూటర్లలో డెబియన్ (కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థనూ, దాని మీద పనిచేసే ప్రోగ్రాములనూ ఒకచోట చేర్చి ఇచ్చే పంపిణీ) వాడుతున్నాం. విద్యార్థుల కోసం గోడ మీద ‘ఈ పంపిణీలోని ప్రోగ్రాములను మార్చుకోవడానికి అనుమతి తప్పనిసరి’ అని రాసి పెట్టాను. చదివినవాళ్లంతా ‘ఎవరిని అడగాలండీ?’ అంటున్నారు. మార్చుకునే అనుమతి లేని ప్రోగ్రామును డెబియన్ తనలో చేర్చుకోదని నా ఉద్దేశం. వాక్యంలో తప్పెక్కడుంది?
– ఒక అధ్యాపకురాలు, విజయనగరం

సమాధానం: వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. మీ విద్యార్థులు చేసుకున్న అర్థమూ తప్పు కాదు. మీ ఊళ్లో ‘అయోధ్య మైదానంలో సభ జరపడానికి అనుమతి తప్పనిసరి’ అంటే, సభ జరిపేవారే వెళ్లి అనుమతి తెచ్చుకోవాలని ఎవరికైనా తోస్తుంది. ‘-డానికి అనుమతి’ పక్కన ‘తప్పనిసరి’ చేరితే తెలుగులో ఆ భారం పని చేసేవాడి మీద పడుతుంది. మీరు చెప్పదలచుకున్నది దీనికి తలకిందులు. ఇక్కడ అనుమతి ఇచ్చి తీరవలసినవాడు ప్రోగ్రాము రాసినవాడు. అతడు మీ వాక్యంలో ఎక్కడా లేడు. కర్తను చెప్పకుండానే వాక్యం నడపగలగడం మన భాషకున్న గొప్ప వెసులుబాటు. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఉన్న చోట మాత్రం దాన్ని నమ్ముకోకూడదు.

‘మార్చుకోవడం’ గురించి మీరు అడగలేదు గాని, అసలు చిక్కు నాకు అక్కడే కనిపించింది. వండడం వేరు, వండుకోవడం వేరు. ‘కొను’ చేరితే పని ఫలం చేసినవారికే చెందుతుంది. ‘మార్చుకోవచ్చు’ అంటే నా కంప్యూటర్‌లో, నా అవసరానికి అనే ధ్వనిస్తుంది. డెబియన్ 1997లో ఆమోదించిన మార్గదర్శకాల్లో మూడోది అంతతో ఆగదు. మార్చినదాన్ని మూల ప్రోగ్రాముకున్న షరతుల మీదే ఇతరులకు పంచే వీలు కూడా ఉండాలంటుంది. (మార్చినదానికి వేరే పేరు పెట్టమని రచయిత కోరితే అభ్యంతరం లేదు.)

ఈ నియమం ఉండి తీరాలని నా గట్టి నమ్మకం. ఒక ప్రోగ్రాములో ‘ఫైలు’ అన్న మాటను ‘ఆకురాయి’ (ఇనుమును అరగదీసే పనిముట్టు) అని తెలుగు చేశారనుకోండి. శ్రీకాకుళంలో ఒక విద్యార్థిని దాన్ని సరిచేసింది. ఆ సవరణ ఆమె ఒక్కతె కంప్యూటర్‌లోనే ఉండిపోతే, తక్కిన తెలుగువాళ్లంతా ఆకురాయినే చూస్తూ ఉండాలి. భాషే జీవితంగా బతికిన నాకు ఇది చిన్న సంగతి కాదు.

అన్నట్టు, ‘మార్చడం’ బదులు ‘దిద్దడం’ వాడకండి. తప్పు ఉన్న చోటే దిద్దుబాటు. 1910లో గురజాడ తన కథకు ఆ పేరు పెట్టింది అందులోని భర్త నడత దిద్దవలసినది గనుకనే. బాగా నడుస్తున్న ప్రోగ్రాముకు కొత్త సౌకర్యం జోడిస్తే అది మార్పే.

గోడ మీద ఇలా రాయండి: ‘మార్చడానికీ, మార్చినదాన్ని ఇతరులకు పంచడానికీ రచయితలు ముందే అనుమతి ఇచ్చిన ప్రోగ్రాములనే డెబియన్ తనలో భాగంగా లెక్కిస్తుంది. మీరు మళ్లీ ఎవరినీ అడగనక్కరలేదు.’