ఇజ్రాయెల్, పాలస్తీనా మామూలు మనుషులు కూర్చుని మాట్లాడుకుంటారా?

మాట్లాడుకుంటారు. అదీ, అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నవాళ్లే. 1995లో మొదలైన ‘పేరెంట్స్ సర్కిల్’ అనే సంస్థలో సభ్యులంతా ఈ గొడవల్లో అయినవాళ్లను పోగొట్టుకున్న రెండు వైపుల కుటుంబాలే.

రామీ ఎల్హనాన్ ఇజ్రాయెలీ. 1997లో జెరూసలేంలో జరిగిన ఆత్మాహుతి దాడిలో ఆయన కూతురు స్మదార్ చనిపోయింది. అప్పటికి ఆ పిల్లకి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. బస్సాం అరమీన్ పాలస్తీనా మనిషి, కుర్రతనంలో ఇజ్రాయెల్ జైల్లో ఏడేళ్లు గడిపారు. 2007లో ఆయన పదేళ్ల కూతురు అబీర్ జెరూసలేం పక్కనున్న అనాతా ఊళ్లో బడి దగ్గర ఉండగా, ఇజ్రాయెల్ సరిహద్దు పోలీసు పేల్చిన రబ్బరు తూటా తలకు తగిలి చనిపోయింది. అప్పటికే రామీ, బస్సాం స్నేహితులు.

ఈ తండ్రులిద్దరూ పక్కపక్కన కూర్చుని, త్వరలో సైన్యంలో చేరబోయే ఇజ్రాయెలీ విద్యార్థులకు తమ కూతుళ్ల గురించి చెప్పేవారు. కొందరు పిల్లలు కోప్పడేవారు, లేచి వాదించేవారు. అయినా ఈ ఇద్దరూ ఓపిగ్గా జవాబిచ్చేవారు. నాకు మాత్రం నాయకుల కరచాలనాల కంటే ఇదే పెద్ద పని.

‘మాట్లాడుకుంటే అన్నీ సర్దుకుంటాయి’ అని వాళ్లు అనరు. పాలస్తీనా ప్రాంతాలపై ఇజ్రాయెల్ ఆక్రమణ ఆగాలని ఇద్దరూ గట్టిగానే అంటారు. ఆ మాట నచ్చనివాళ్లు ఇజ్రాయెల్‌లో చాలామందే ఉన్నారు. 2023లో అక్కడి విద్యాశాఖ ఈ సంస్థను బడుల్లోకి రాకుండా ఆపింది.