తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో చెబితే ఎక్కడ తేడా కొడుతుంది?

అమెరికా వచ్చిన కొత్తలో చాలామంది అడిగేదే ఇది: "ఒకటో తరగతి నుంచీ ఇంగ్లిష్ మీడియమే, గ్రామరూ బానే వచ్చు. అయినా ఆఫీసులో నేను చెప్పేదొకటి, వాళ్ళకి అర్థమయ్యేదొకటి. ఎందుకని?"

'ద' రావాల్సిన చోట 'ఎ' పెట్టినా, 'డిస్కస్ అబౌట్' అన్నా ఏ పనీ ఆగదు, వాటికి బెంగ పడక్కర్లేదు. అర్థాన్నే తిప్పేసే తప్పులు కొన్నున్నాయి. ముందు వాటి సంగతి చూడండి.

అన్నిటికన్నా ప్రమాదం అవును, కాదుల దగ్గరే. క్లినిక్‌లో నర్సు "యూ డోంట్ హావ్ ఎనీ ఎలర్జీస్?" అని అడుగుతుంది. తెలుగులో "మీకు ఎలర్జీలు లేవా?" అంటే "అవునండీ, లేవు" అంటాం. అడిగినవాళ్ళ మాటకి మన 'అవును'. ఇంగ్లిష్‌లో ప్రశ్న ఎటు తిరిగినా, విషయం లేనప్పుడు జవాబు 'నో' అనే రావాలి. అలవాటుగా 'యెస్' అని ఊరుకుంటే ఎలర్జీ ఉందని రాసుకునే వీలుంది. అందుకే ఒక్క ముక్కతో ఆపకుండా "నో, ఐ డోంట్" అని పూర్తిగా చెప్పండి. "డూ యూ మైండ్ వెయిటింగ్?" అన్నప్పుడు కూడా, ఆగడానికి మీకు ఇబ్బంది లేకపోతే "నాట్ ఎట్ ఆల్" అనాలి.

తర్వాతది మన 'నుంచి'. "రెండేళ్ళ నుంచి", "సోమవారం నుంచి" రెంటికీ మనకి ఒకటే మాట. ఇంగ్లిష్‌లో మొదలైన సమయానికి 'సిన్స్', గడిచిన కాలానికి 'ఫర్'. 'సిన్స్ టూ ఇయర్స్' అన్నా ఎదుటివాళ్ళు సర్దుకుంటారు. "ఐ యామ్ హియర్ ఫర్ టూ ఇయర్స్" అంటేనే చిక్కు: మొత్తం రెండేళ్ళు ఉండి వెళ్ళిపోతానని దాని అర్థం. "ఐ వర్క్‌డ్ హియర్ ఫర్ టూ ఇయర్స్" అంటే మానేశారనుకుంటారు. ఇంకా కొనసాగుతున్నదైతే "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్" అనండి. ఇమిగ్రేషన్ అధికారి ముందు ఈ తేడా చిన్నదేం కాదు.

'లోపు', 'వరకు' కూడా తారుమారవుతాయి. ఐదింటి లోపు వస్తే 'బై ఫైవ్', ఐదింటి వరకు ఉంటే 'అంటిల్ ఫైవ్'. "శుక్రవారం లోపు పంపుతాను" అనడానికి 'అంటిల్ ఫ్రైడే' వాడకండి.

మర్యాద కోసం 'విల్' బదులు 'వుడ్' పెట్టడం మనవాళ్ళకి బాగా అలవాటు. "ఐ వుడ్ బి ఆన్ లీవ్ టుమారో" అని చదివినవాళ్ళు "అయితే..." అని వెనకాల ఏదో షరతు కోసం చూస్తారు. సెలవు ఖాయమైతే 'విల్' చాలు.

ఇండియా ఆఫీసు మాటల్లో ముందు వదిలించుకోవాల్సింది 'రివర్ట్'. "ప్లీజ్ రివర్ట్" అంటే మనకి జవాబివ్వమని. అమెరికాలో సాఫ్ట్‌వేర్ టీముకి మాత్రం చేసిన మార్పు వెనక్కి తీసేయమని! 'రిప్లై' అంటే గొడవే లేదు. 'ఐ హావ్ ఎ డౌట్' అంటే మీకు నమ్మకం లేదనుకుంటారు, 'క్వశ్చన్' అనండి. 'ప్రీపోన్' చక్కటి మాటే, నిఘంటువులకీ ఎక్కింది, కానీ చాలామంది అమెరికన్లకి తెలియదు. మీటింగ్ ముందుకి జరపాలంటే ఏ రోజు ఎన్నింటికో చెప్పి 'ఎర్లియర్' అని రాయండి.

కామాల విషయంలో ఒక్కటే. రెండు పూర్తి వాక్యాలని ఒట్టి కామాతో అతికించకూడదు. ఫుల్‌స్టాప్ పెట్టండి, లేదా కామా తర్వాత 'అండ్', 'బట్', 'సో' లాంటిది చేర్చండి. 'ఇట్స్' రాసేటప్పుడు దాని స్థానంలో 'ఇట్ ఈజ్' లేదా 'ఇట్ హాజ్' పెట్టి చదవండి. పొసిగితే అపాస్ట్రఫీ ఉండాలి, లేకపోతే వద్దు.

ఇక తేదీలు. 05/06 అంటే అమెరికాలో మే 6, బ్రిటన్‌లో మనలాగే జూన్ 5. కెనడాలో రెండు పద్ధతులూ కనిపిస్తాయి. తేదీ 12 దాటితే ఆన్‌లైన్ ఫారం సాధారణంగా అక్కడే ఒప్పుకోదు కాబట్టి తప్పు తెలిసిపోతుంది. 12 లోపైతే మాత్రం పుట్టిన తేదీ అయినా సరే కిమ్మనకుండా తప్పుగా నమోదైపోతుంది. గడుల మీద ఎం ఎం (నెల) ముందుందో డి డి (రోజు) ముందుందో చూసుకుని నింపండి. ఈమెయిల్లోనైతే నెల పేరు అక్షరాల్లో రాసేయండి.