ముందు ఈఎస్‌ఐ కాగితం, చివర పొలం

ప్రశ్న: మాది కోవూరు దగ్గర ఒక పల్లె. మా ఆయనకు 44 ఏళ్ళు. రెండు కిడ్నీలూ పాడై ఏడు నెలలుగా డయాలసిస్ మీద ఉన్నారు. వారానికి మూడుసార్లు నెల్లూరు తీసుకెళ్తున్నాను. రొయ్యల మేత ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు చేశారు, ఆరు నెలల నుంచి పనికి పోవడం లేదు. జీతంలో పీఎఫ్, ఈఎస్‌ఐ కోసేవాళ్ళు. కిడ్నీ ఇస్తానని మా అత్తమ్మ ముందుకొచ్చింది. చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళు 11 లక్షలు అవుతుందన్నారు. మాకు ఎకరన్నర మాగాణి, 12 సవర్ల బంగారం, బ్యాంకులో లక్షా పదివేలు ఉన్నాయి. నెలకు 12 వేల చొప్పున 25 నెలల చీటీలో 14 నెలలు కట్టాం. తెల్లకార్డు ఉంది. డయాలసిస్ పెన్షన్ 10 వేలు వస్తోంది. పాప ఇంటర్ రెండో ఏడాది. పొలం అమ్మేయమని మా బావగారు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, మూడు వారాల పాటు పొలం గురించి ఎవరికీ మాట ఇవ్వకండి, బయానా తీసుకోకండి. డయాలసిస్ సక్రమంగా జరుగుతోంది కాబట్టి ఆ మాత్రం టైమ్ మీకుంది. డాక్టరే తొందర పెడితే అది వేరే సంగతి. ఆపరేషన్ కోసం అమ్ముతున్నారని తెలిసిన రోజున ఎకరా ధర ఎంతకు దిగుతుందో మీ ఊళ్ళో వాళ్ళకు నేను చెప్పాలా?

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. 'ఈఎస్‌ఐ కోసేవాళ్ళు' అన్నారు కదా, అది మామూలు మాట కాదు. ఈఎస్‌ఐ అంటే కార్మికుల ఆరోగ్య బీమా. దీర్ఘకాల కిడ్నీ వైఫల్యం ఈఎస్‌ఐ వాళ్ళ దీర్ఘవ్యాధుల జాబితాలో ఉంది. రెండేళ్ళకు పైగా వరసగా చందా కట్టి, అందులో తగినన్ని రోజులు పనిచేసినవాళ్ళకు మామూలు అనారోగ్య భత్యం అయిపోయాక కూడా జీతంలో 80 శాతం చొప్పున రెండేళ్ళ వరకు ఇచ్చే ఏర్పాటు ఉంది. మీ ఆయన తొమ్మిదేళ్ళు చేశారు. ఈ ఆరు నెలల్లో ఒక్క రూపాయి కూడా తీసుకోలేదని మీ ఉత్తరం చూస్తే అనిపిస్తోంది. ఇలాంటి క్లెయిములకు గడువు ఉంటుంది కాబట్టి ఈ వారంలోనే పాత జీతం స్లిప్పులు, ఈఎస్‌ఐ నంబరు, డయాలసిస్ కాగితాలు పట్టుకుని బ్రాంచి ఆఫీసుకు వెళ్ళండి. రెండు ప్రశ్నలు అడగండి. భత్యం ఎప్పటి నుంచి వస్తుంది? కిడ్నీ మార్పిడికి వాళ్ళు ఏ ఆసుపత్రికి రాసిస్తారు? ఫ్యాక్టరీ వాళ్ళు మీ ఆయన పేరు తీసేశారో లేదో కూడా కనుక్కోండి. ఆయనతో రాజీనామా రాయించుకోవాలని చూస్తే మాత్రం, ఈఎస్‌ఐలో అడిగేదాకా సంతకం పెట్టనివ్వకండి.

పీఎఫ్‌లో కూడా అనారోగ్యం కింద అడ్వాన్సు తీసుకోవచ్చు. అయితే ముందే దాని మీద పడకండి, మందుల రోజుల్లో పనికొస్తుంది.

ఇక 11 లక్షల సంగతి. ఆ అంకె నోటిమాటగా చెప్పారా, కాగితం మీద ఇచ్చారా? సీలు, సంతకం ఉన్న ఎస్టిమేట్ లేకపోతే ఏ సాయానికీ దరఖాస్తు కదలదు. అందులో అత్తమ్మ పరీక్షలు, ఆమె ఆపరేషన్, ఆమె గది ఖర్చు ఉన్నాయో లేవో చూడండి. చాలాసార్లు ఉండవు.

అంతకన్నా ముందు 104కు ఫోన్ చేయండి. ఎన్టీఆర్ వైద్యసేవ, అంటే మనం నిన్నమొన్నటి దాకా ఆరోగ్యశ్రీ అన్నదే, అందులో కిడ్నీ మార్పిడి ఉంది. ఆ చెన్నై ఆసుపత్రి జాబితాలో ఉందా, ఉంటే కిడ్నీ మార్పిడికే ఉందా అని విడివిడిగా అడగండి. గుండెకు ఉండి కిడ్నీకి లేని ఆసుపత్రి కూడా ఉండొచ్చు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనూ కిడ్నీ మార్పిడి చేస్తారు. అక్కడికి ఒక్కసారి వెళ్ళి వైద్యమిత్ర (ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే సహాయకులు) దగ్గర కూర్చోండి. మా వాళ్ళకు చెన్నై అంటే నమ్మకం, కాదనను. కానీ నమ్మకానికి 11 లక్షలు పోసేముందు ఒకరోజు బస్సు చార్జీ పెట్టడంలో తప్పేముంది? ఆపరేషన్ తర్వాతి మందులకు ప్యాకేజీ ఎన్ని నెలలు వర్తిస్తుందో అక్కడే రాయించుకోండి.

వైద్యసేవలోనూ ఈఎస్‌ఐలోనూ కుదరకపోతే ముఖ్యమంత్రి సహాయనిధి. ఎమ్మెల్యే ఆఫీసులో ఎస్టిమేట్, ఆధార్, రేషన్ కార్డు ఇచ్చి ఎల్‌ఓసీ (ఖర్చు ఇస్తామని ఆసుపత్రికి ముందే రాసిచ్చే హామీ లేఖ) కోసం రాయించండి. ఎల్‌ఓసీ ఆసుపత్రి పేరు మీద వస్తుంది, చేతికి డబ్బు రాదు. ఆపరేషన్‌కు ముందే తెచ్చుకోవాలి. డిశ్చార్జి అయ్యాక పెట్టుకుంటే బిల్లులో కొంత వెనక్కి ఇస్తారు, అదీ ఎప్పటికో. ప్రధానమంత్రి సహాయనిధి నుంచి కూడా కిడ్నీ మార్పిడికి కొంత సాయం చేస్తారు. ఎంపీ గారి సిఫార్సు లేఖతో పంపండి. అక్కడ నియమం గట్టిది, ప్రభుత్వ ఆసుపత్రి గానీ వాళ్ళ జాబితాలోది గానీ అయి ఉండాలి, అప్పటికే కట్టేసిన బిల్లుకు పైసా రాదు. అందుకే ఆసుపత్రిలో రెండు లక్షలు అడ్వాన్సు కట్టి ఆ తర్వాత సాయం కోసం తిరగకండి. ఎక్కడైనా 'పది శాతం ఇస్తే నేను శాంక్షన్ చేయిస్తా' అనేవాడు తగిలితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇవన్నీ అయ్యాక కూడా లోటు మిగిలితే, మొదట బంగారం. బ్యాంకులోనే పెట్టండి. మూడు లక్షలు తెచ్చారనుకోండి, ఏడాదికి తొమ్మిది శాతమైతే నెలకు 2,250 రూపాయల వడ్డీ. అదే ఊళ్ళో నూటికి రెండు రూపాయల లెక్కన అయితే 6,000. ఆ తేడాతో ఇంటికి నెల సరుకులు వస్తాయి. చీటీ ఇప్పుడే పాడొద్దు. అవసరం అని తెలిస్తే మీ చేతే పాట పెంచిస్తారు. డబ్బు నిజంగా కట్టాల్సిన నెలలోనే పాడండి. పాడాక మిగిలిన కిస్తీలు కూడా కట్టాలని మరిచిపోకండి.

పొలం గురించి నేనెందుకింత మొండిగా చెప్తున్నానంటే దానికో కారణం ఉంది. మా మేనమామకు ఆపరేషన్ బ్రహ్మాండంగా అయింది. రెండెకరాలు అమ్మారు, అప్పు లేదు, అందరం స్వీట్లు పంచుకున్నాం. నాలుగో ఏడు వచ్చేసరికి ఆయన మాత్రలు ఒకపూట వేసుకుని ఇంకోపూట మానేస్తున్నారని అత్తయ్య దిండు కింద స్ట్రిప్పులు చూసి కనిపెట్టింది. నెల నెలా వచ్చే రాబడి ఏదీ లేదు మరి. మార్చిన కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా ఉండడానికి వేసే మాత్రలు ఆ కిడ్నీ ఉన్నంతకాలం వేయాలి. పరీక్షలతో కలిపి నెలకు 15 వేలు అనుకుందాం. ఏడాదికి లక్షా ఎనభై వేలు, అయిదేళ్ళకు తొమ్మిది లక్షలు. అంటే మీ ముందున్నది 11 లక్షల ఖర్చు కాదు, 20 లక్షలది. పొలం అమ్మితే మొదటి సగం తీరుతుంది. రెండో సగానికి కౌలైనా తెచ్చిపెట్టేది ఆ ఎకరన్నరే.

పెన్షన్ కూడా చూసుకోండి. ఆపరేషన్ అయ్యాక డయాలసిస్ కేటగిరీ వర్తించదు, కానీ కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళకు వేరే కేటగిరీ ఉంది, 2024 నుంచి అదీ 10 వేలే. డిశ్చార్జి కాగితం రాగానే సచివాలయంలో ఇచ్చి మార్పించుకోండి. ఒకటో తారీఖున రాలేదే అని అప్పుడు పరుగెత్తడం వద్దు. మందుల్లో చవక బ్రాండు దొరికినా డాక్టర్‌ను అడక్కుండా మార్చకండి, ఆ మాత్రల్లో కొంచెం తేడా వచ్చినా ప్రమాదమే.

అత్తమ్మ బ్లడ్ గ్రూపు కలవకపోతే ఏం చేయాలో ఇప్పుడే చెప్తాను, ఆ టెన్షన్‌లో ఏజెంట్లు దూరుతారు. 'ఇన్ని లక్షలకు కిడ్నీ దొరుకుతుంది' అన్న ఫోన్ వస్తుంది. కొన్నా అమ్మినా 5 నుంచి 10 ఏళ్ళ జైలు, 20 లక్షలకు తక్కువ కాని జరిమానా. ఇలాగే గ్రూపు కలవని ఇంకో కుటుంబంతో దాతలను మార్చుకోవడం చట్టంలోనే ఉంది, దాని గురించి ఆసుపత్రిలో అడగండి. చనిపోయినవాళ్ళ అవయవాలను వరసలో ఉన్నవాళ్ళకు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో మీ ఆయన పేరు నమోదు చేయించండి.

ఇక ఆ లక్షా పదివేలు. దాన్ని ఆసుపత్రికి కట్టకండి. ఆపరేషన్ తర్వాత రెండు మూడు నెలలు ఆసుపత్రి దగ్గర్లోనే గది తీసుకోవాలి. అద్దె, తిండి, ఆటోలు, నెల్లూరులో పాప ఫీజు, అన్నిటికీ అదే ఆధారం. మీ బావగారు మంచి మనసుతోనే అంటున్నారనుకుంటాను. పొలానికి బేరం చూసే ఓపిక ఉన్నవారు కదా, ఆసుపత్రికి దగ్గర్లో, మెట్లెక్కే పని లేని గది ఒకటి చూసిపెట్టమనండి.